వాచ్‌మన్‌కి ఎంత ఇస్తున్నాం?

"అమ్మా, నాకు పది దేశాలు కావాలి!"

2025 వర్షాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి స్కూలు బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే అన్న మాట ఇది. తనకి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. పది దేశాలు ఎంచుకోవాలట. ఒక్కో దేశం తన ఆర్థిక వ్యవస్థలో ఎంత శాతం రక్షణ కోసం ఖర్చు పెడుతోందో కనుక్కుని, రంగుల గ్రాఫు గీసి, చివర్లో "నేనేం తెలుసుకున్నాను" అని ఒక పేజీ రాయాలట. మన పత్రిక చదివే అమ్మలందరికీ తెలిసిన సంగతే కదా... పిల్లల ప్రాజెక్టు అంటే అమ్మల ప్రాజెక్టు!

నేనిక్కడ యాంగోన్‌లో మందులు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాను. పొద్దున లేస్తే శాతాలతోనే నా పని. ఒక గంటలో తేల్చేయొచ్చు అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు ఒక్క దేశానికే పట్టింది. అది మేముంటున్న దేశమే.

ముందే ఒక మాట. మన సంఘం పత్రికలో రాజకీయాలు రాయకూడదని పెద్దలు పెట్టుకున్న పద్ధతి ఉంది. నేను లెక్కలే రాస్తున్నాను. లెక్కల్లోంచి ఏదైనా తొంగి చూస్తే నా తప్పు కాదు.

ఇరవై ఫ్లాట్ల కథ

స్థూల దేశీయోత్పత్తి, అదే జి.డి.పి., అంటే ఏమిటో పిల్లలకి చెప్పడం అంత సులువు కాదు. పుస్తకంలో ఉన్న నిర్వచనం చదివితే మా అబ్బాయి (వాడికి తొమ్మిదేళ్ళు) ఆవులించాడు. అప్పుడు విశాఖపట్నంలో మా అమ్మావాళ్ళ అపార్ట్‌మెంటు గుర్తొచ్చింది.

ఆ అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లు ఉన్నాయి అనుకోండి. అందరి సంపాదనా కలిపి నెలకి 20 లక్షలు. ఇదీ జి.డి.పి. లాంటిది. అందులోంచి మెయింటెనెన్స్ కింద అందరి దగ్గరా వసూలయ్యేది 3 లక్షలు. ఇది ప్రభుత్వ బడ్జెట్. వాచ్‌మన్‌కీ, గేటుకీ, గోడ మీద గాజు పెంకులకీ అయ్యే ఖర్చు 60 వేలు. ఇది రక్షణ వ్యయం. ఇప్పుడు వాచ్‌మన్ ఖర్చు ఎంత శాతం? అందరి సంపాదనతో పోలిస్తే 3 శాతం. మెయింటెనెన్స్ డబ్బుతో పోలిస్తే 20 శాతం! రెండూ నిజమే. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మీటింగులో మూడు శాతమే అంటారు. లిఫ్టు పాడై మెట్లెక్కుతున్న నాలుగో అంతస్తు మామ్మగారు ఇరవై శాతం అంటారు.

"మరి ఏది రాయాలి?" అంది మా అమ్మాయి.

మేడమ్ అడిగింది మొదటిదే. దేశాలను పోల్చేటప్పుడు అందరూ వాడేది కూడా అదే. ఎందుకంటే ప్రభుత్వం వసూలు చేసేది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది గానీ, దేశం మొత్తం సంపాదనలో ఎంత భాగం తుపాకులకి పోతోంది అన్నది ఎక్కడైనా ఒకే ప్రశ్న.

పది దేశాలు, పది బార్లు

అంకెల కోసం అందరూ వెళ్ళే చోటికే మేమూ వెళ్ళాం. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 1966లో మొదలైన శాంతి పరిశోధనా సంస్థ ఒకటుంది, పొట్టిగా 'సిప్రి' అంటారు. ప్రపంచ దేశాల సైనిక ఖర్చుల లెక్క ఏటా విడుదల చేస్తుంది. మా అమ్మాయి వాడింది 2024 సంవత్సరపు అంకెలు. ఆ ఏడాది ప్రపంచమంతా కలిపి సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 71 వేల 800 కోట్ల డాలర్లు. ప్రపంచ సంపాదనలో రెండున్నర శాతం. వంద రూపాయలకి రెండున్నర రూపాయలు.

ఇక దేశాలు. అమెరికా 3.4 శాతం. చైనా 1.7 శాతం (ఇది సిప్రి అంచనా, చైనా వాళ్ళు చెప్పుకునేది ఇంకా తక్కువ). మన భారతదేశం 2.3. పాకిస్తాన్ 2.7. సింగపూర్ సుమారు 2.8. జపాన్ 1.4. మాకు పక్కనే ఉన్న థాయిలాండ్ ఒక శాతం పైచిలుకు. ఉక్రెయిన్ 34! కోస్టారికా సున్నా.

ఉక్రెయిన్ బార్ గీయడానికి చార్టు సరిపోలేదు. ఇంకో చార్టు అతికించాల్సి వచ్చింది. అది చూసి మావాడు, "అయితే ప్రపంచంలో అందరికంటే బలమైన దేశం ఇదేనా?" అన్నాడు. మంచి ప్రశ్న! పెద్దవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు. ఉక్రెయిన్ 34 శాతం అంటే సుమారు 6,470 కోట్ల డాలర్లు. అమెరికా 3.4 శాతం అంటే 99,700 కోట్ల డాలర్లు. శాతంలో పది వంతులు తక్కువ, డబ్బులో పదిహేను రెట్లు ఎక్కువ. శాతం మనకి చెప్పేది మోస్తున్న బరువు ఎంతో, బలం ఎంతో కాదు. అయిదేళ్ళ పిల్లాడు పది కేజీల సంచి మోస్తే నడుం వంగిపోతుంది. వాళ్ళ నాన్న అదే సంచి ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఫోను మాట్లాడతాడు.

సున్నా దగ్గర మావాడు బాగా ఆగిపోయాడు. సైన్యం లేని దేశం ఉంటుందా అని. కోస్టారికాలో అంతర్యుద్ధం ముగిశాక 1948 డిసెంబరులో హోసే ఫిగెరెస్ అనే నాయకుడు రాజధానిలోని సైనిక బారకాసు గోడ మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, ఇక మనకి సైన్యం వద్దు అని ప్రకటించాడు. మరుసటి ఏడాది రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పోలీసులున్నారు, సైన్యం లేదు. ఆ బారకాసే తరవాత నేషనల్ మ్యూజియం అయింది. మావాడు గ్రాఫులో సున్నా దగ్గర ఒక సుత్తి బొమ్మ వేశాడు. అక్క ఒప్పుకోలేదు. తరవాత ఒప్పుకుంది.

జపాన్ వాళ్ళు 1976లో ఒక శాతం దాటకూడదని తమకి తామే గీత గీసుకున్నారు. 2022లో మాత్రం, 2027కల్లా రెండు శాతానికి చేరాలని నిర్ణయించుకున్నారు. యూరప్‌లోని నాటో దేశాలు 2014లో రెండు శాతం మాట అనుకున్నాయి. 2025 జూన్‌లో హేగ్ నగరంలో కూర్చుని, 2035కల్లా అయిదు శాతం అన్నాయి. అందులో మూడున్నర అచ్చంగా సైన్యానికి, మిగతాది రోడ్లు, వంతెనలు, కంప్యూటర్ల భద్రత లాంటి వాటికి. వంతెన కూడా రక్షణ ఖర్చే అన్నమాట! అకౌంటెంటుగా నాకు ముచ్చటేసింది. పేరు మారిస్తే ఖర్చు వేరే ఖాతాలోకి దూకుతుంది.

మన ఇండియా విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. 2025–26 కేంద్ర బడ్జెట్లో రక్షణ శాఖకి 6.81 లక్షల కోట్ల రూపాయలు. జి.డి.పి.తో భాగిస్తే 1.9 శాతం. సిప్రి ఏమో అంతకు ముందు ఏడాదికే 2.3 అంటోంది. ఎవరు అబద్ధం? ఎవరూ కాదు. బి.ఎస్.ఎఫ్. లాంటి బలగాల ఖర్చు మన దగ్గర హోం శాఖ ఖాతాలో ఉంటుంది. సిప్రి వాళ్ళు దాన్ని కూడా సైనిక ఖర్చు కిందే కలుపుతారు. ఇంకో సంగతి... ఆ 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లు పెన్షన్లే. మా విశాఖలో సాయంత్రం బీచ్ రోడ్డులో వాకింగ్ చేసే నేవీ రిటైర్డ్ అంకుల్స్ అందరూ ఈ లెక్కలో ఉన్నారు.

చుక్కల గీత

ఇక మయన్మార్. సిప్రి లెక్క ప్రకారం ఈ దేశం సైనిక ఖర్చు 2024లో ఒక్క ఏడాదిలోనే 66 శాతం పెరిగి సుమారు 500 కోట్ల డాలర్లు అయింది. జి.డి.పి.లో 6.8 శాతం. ఆసియా, ఓషియానియా ప్రాంతంలో అదే అత్యధికం. ఇండియాకి మూడు రెట్లు.

మా అమ్మాయి ఆకుపచ్చ రంగుతో ఆ బార్ నింపుతుంటే, పక్కనే కూర్చున్న అన్నయ్య "అంతేనా?" అన్నాడు.

ఈ అన్నయ్య గురించి చెప్పాలి. మా సొంతవాడు కాదు. ఇక్కడి తెలుగువాడే, నాలుగో తరం. ఇరవై రెండేళ్ళు. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తూ, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదున్నరకి వచ్చి మా పిల్లలకి బర్మీస్ నేర్పేవాడు. నన్ను పిన్నీ అంటాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. వాళ్ళ తాతగారి తాత కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కి వచ్చాడట. ఆ రేవు పేరు మీదే ఇక్కడివాళ్ళు ఒకప్పుడు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి ఈ రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే. ఓడరేవులో బస్తాలు మోసింది ఎక్కువగా మనవాళ్ళే. 1930 మేలో ఆ కూలీ పని దగ్గరే గొడవలు జరిగి ఎంతోమంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చిన్నప్పుడు విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఎన్నోసార్లు విన్నాను. 1960లలో ఇక్కడినుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళ మూలంగా వచ్చిన పేరని, రంగూన్ వచ్చాకే తెలిసింది.

"అంతేనా?" అన్నందుకు అతన్నే అడిగాం, ఇంకేముందని. అతను కొంచెం, నేను కొంచెం, మిగతాది పాత రిపోర్టులు చూసి పూర్తిచేసుకున్నాం. రెండు వారాలు పట్టింది ఇక్కడే.

భాగహారంలో పైన ఒక అంకె, కింద ఒక అంకె. పై అంకె సైనిక ఖర్చు, కింది అంకె జి.డి.పి. మొదట పైదాని సంగతి చూడండి. 2011–12 బడ్జెట్లో ఈ దేశం సైన్యానికి కేటాయించింది సుమారు 1.8 లక్షల కోట్ల చాట్‌లు. బడ్జెట్లో దాదాపు 23.6 శాతం. ఆరోగ్యానికి 1.3 శాతం. (మందుల కంపెనీలో పనిచేస్తాను కదా, ఈ రెండో అంకె దగ్గర నేను కాసేపు కూర్చుండిపోయాను.) అయితే అదే 2011 జనవరిలో ప్రత్యేక నిధుల చట్టం అని ఒకటి వచ్చింది. దాని ప్రకారం సర్వసేనాధిపతి బడ్జెట్‌కి బయట కూడా ఖర్చు పెట్టవచ్చు. పార్లమెంటు అడగడానికి వీల్లేదు. అంతేకాదు, సైన్యానికి సొంత వ్యాపార సంస్థలున్నాయి. ఒకటి 1990లో, ఇంకోటి 1997లో పెట్టారు. బ్యాంకు, బీరు, సిమెంటు, రత్నాలు... ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం 2019లో వీటి మీద పెద్ద రిపోర్టే ఇచ్చింది. వాచ్‌మన్‌కి అపార్ట్‌మెంటు కిందే సొంత కిరాణా కొట్టు ఉందనుకోండి. కొట్టు లాభం మెయింటెనెన్స్ పుస్తకంలో కనబడదు.

ఇప్పుడు డాలరు మారకం. ఇది నా సొంత సబ్జెక్టు, కాస్త ఓపిక పట్టండి. 2012 ఏప్రిల్ 1 దాకా ఇక్కడ సర్కారు లెక్కలో డాలరుకి సుమారు 6 చాట్‌లు. బజారులో 800కి పైనే! పైన చెప్పిన 1.8 లక్షల కోట్ల చాట్‌లని సర్కారు ధరకి మార్చితే 30 వేల కోట్ల డాలర్లు వస్తుంది. 2024లో చైనా అంతటి దేశం పెట్టిన ఖర్చుకి దగ్గర! బజారు ధరకి మార్చితే 200 కోట్ల డాలర్లు. అదే బడ్జెట్, అదే కాగితం.

శాతం లెక్కలో పైనా కిందా చాట్‌లే కదా, డాలరుతో ఏం పని అంటారేమో. పని ఉంది. ఒక కోటి డాలర్లు పెట్టి విదేశంలో హెలికాప్టరు కొన్నారనుకోండి. సర్కారు పుస్తకంలో దాన్ని 6 కోట్ల చాట్‌లుగా రాసుకుంటే, నిజానికి ఆ డాలర్లు బజారులో 800 కోట్ల చాట్‌లు చేస్తాయి. పుస్తకంలో హెలికాప్టరు సైకిలంత అయిపోయింది! 2012 తరవాత ఆ తేడా పోయింది. 2022లో మళ్ళీ వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో సర్కారు ధర 2,100 దగ్గర కట్టేశారు. 2024లో బజారు ధర 4,000 దాటింది. మా ఆఫీసులో ఏ ఇన్‌వాయిస్ ఏ ధరకి రాయాలో తేల్చుకోవడానికి నాకు రోజూ అరగంట పట్టేది.

కింది అంకె సంగతి తేలిక. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకున్నాక, ఆ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే దేశ ఉత్పత్తి 18 శాతం పడిపోయిందని ప్రపంచ బ్యాంకు లెక్క. పైన అంకె కదలకపోయినా సరే, కింద అంకె తగ్గితే శాతం పెరుగుతుంది. అపార్ట్‌మెంటులో నలుగురికి ఉద్యోగాలు పోతే అదే వాచ్‌మన్ జీతం అందరికీ బరువవుతుంది.

"అయితే 6.8 రాయనా, వద్దా?" మా అమ్మాయికి విసుగొచ్చేసింది.

రాయమన్నాం. సిప్రి వాళ్ళు తెలిసినంతలో జాగ్రత్తగా కట్టిన అంచనా అది. అన్నయ్యే ఉపాయం చెప్పాడు. 6.8 దాకా ఆకుపచ్చ నింపి, దాని పైన ఖాళీగా చుక్కల గీతతో ఇంకొంచెం ఎత్తు గీయమన్నాడు. ఎంత ఎత్తు? "తెలీదు. అందుకే చుక్కలు" అన్నాడు.

వైజాగ్ జలాంతర్గామి

పిల్లలకి ఈ భాగం బాగా నచ్చింది కాబట్టి రాస్తున్నాను. మయన్మార్ నౌకాదళానికి మొట్టమొదటి జలాంతర్గామి ఎక్కడిదో తెలుసా? మన విశాఖపట్నం హిందూస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసి ఇచ్చిందే! భారత నౌకాదళంలో దాని పేరు సింధువీర్. 2020 డిసెంబరులో ఇక్కడి నౌకాదళంలో చేరింది. పేరు మిన్యే థైన్‌ఖథు అయింది. మా నాన్నగారి స్నేహితులు కొందరు ఆ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆ జీతాలు ఇండియా జి.డి.పి.లో ఉన్నాయి. ఆ జలాంతర్గామిని నడపడానికి అయ్యే ఖర్చు మయన్మార్ ఖాతాలో ఉంది. ఒకే ఇనుము, రెండు దేశాల గ్రాఫుల్లో!

ఈ రెండు దేశాల మధ్య సైన్యం ఖర్చు గొడవ కొత్తది కూడా కాదు. 1885 నవంబరు చివర్లో బ్రిటిష్ సైన్యం మాండలేని పట్టుకుంది. సరిగ్గా నెల తరవాత, డిసెంబరు 28న, బొంబాయిలో భారత జాతీయ కాంగ్రెస్ మొదటి సమావేశం జరిగింది. వచ్చింది 72 మంది. మద్రాసు నుంచి వెళ్ళినవారిలో మన పి. రంగయ్య నాయుడు గారు, పి. ఆనందాచార్యులు గారు ఉన్నారు. ఆ సభ చేసిన తీర్మానాల్లో ఒకటి, సైనిక వ్యయం పెంచడం అనవసరం అని. ఇంకోటి, ఎగువ బర్మాని కలుపుకోవడం తగదు, కలుపుకోక తప్పదంటే బర్మా మొత్తాన్ని ఇండియా పాలనలోంచి వేరు చేయాలి అని. ఆ రోజుల్లో జి.డి.పి. అన్న మాటే లేదు. కానీ ఎవరి యుద్ధానికి ఎవరి పన్నులు అన్న ప్రశ్న వాళ్ళకి బాగానే తెలుసు. బర్మా నిజంగా వేరైంది 1937 ఏప్రిల్ 1న.

లెక్కకి రానివి

ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు ఇంకా వారం ఉందనగా, ఒక మంగళవారం అన్నయ్య రాలేదు. ఫోను ఎత్తలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారం నేనూ పిల్లలూ బోటటాంగ్ వైపు వాళ్ళింటికి వెళ్ళాం.

తాతగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయి. వాళ్ళ మాటలో శ్రీకాకుళం యాస ఇంకా చెక్కుచెదరలేదు. వార్డులో పేర్ల జాబితా వచ్చిందట. అందులో మనవడి పేరుంది.

ఇక్కడ పిల్లల కోసం కొంచెం చెప్పాలి. మయన్మార్‌లో 2010లోనే నిర్బంధ సైనిక సేవ చట్టం రాసి పక్కన పెట్టారు. 2024 ఫిబ్రవరి 10న దాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు పిలిస్తే వెళ్ళాలి. రెండేళ్ళు. అత్యవసర పరిస్థితి ఉంటే అయిదేళ్ళ దాకా. ఏడాదికి 60 వేల మంది దాకా తీసుకుంటామని సైనిక ప్రభుత్వ ప్రతినిధి అప్పట్లో చెప్పాడు. ఆ ఏడాది ఏప్రిల్లో మొదటి జట్టు శిక్షణ మొదలైంది. మే నెలకల్లా మగవాళ్ళు విదేశాల్లో పనికి వెళ్ళడానికి అనుమతులు ఆపేశారు.

సింగపూర్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకి ఇలాంటిది కొంత తెలుసు. అక్కడ 1967 నుంచి ఉంది. పర్మనెంట్ రెసిడెంట్ల రెండో తరం మగపిల్లలు కూడా వెళ్ళాలి. మా పిన్ని కొడుకు వెళ్ళొచ్చాడు. కానీ ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడు వస్తాడో మా పిన్నికి ముందే తెలుసు. వారాంతంలో ఇంటికొచ్చి పెరుగన్నం తిని వెళ్ళేవాడు.

తాతగారు మా అమ్మాయి చేతిలో చుట్టి ఉన్న చార్టు చూసి, "ఏటమ్మా అది?" అన్నారు. విప్పి చూపించింది. అన్నయ్య గీయమన్న చుక్కల గీత కూడా చూపించింది. ఆయన చాలాసేపు చూశారు. తరవాత 1964 గురించి చెప్పారు. ఆ ఏడాది మేలో యాభై, వంద చాట్ నోట్లు చెల్లవని ప్రకటించారు. వాళ్ళ నాన్న బియ్యం బస్తాలు మోసి దాచిన డబ్బంతా ఆ నోట్లలోనే ఉందట. 1987 సెప్టెంబరులో మళ్ళీ ఇరవై అయిదు, ముప్ఫై అయిదు, డెబ్భై అయిదు నోట్లు. అప్పుడు ఆయన డబ్బు పోయింది. "మా అయ్యది ఒకపాలి, నాది ఒకపాలి. ఆటికి లెక్క కట్టీసినాను, మర్చిపోయినాను. ఇప్పుడు ఈడ్ని ఏ లెక్కలో రాసుకోమంటావమ్మా?" అన్నారు.

నన్నే అడిగారు. అకౌంటెంటుని కదా.

దారిలో కారులో మా అమ్మాయి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది, అన్నయ్య వెళ్తే ఆ బార్ ఎంత పెరుగుతుంది అని. చెప్పడానికి ప్రయత్నించాను. షాపులో అతను నెలకి వంద సంపాదిస్తున్నాడు అనుకో. సైన్యంలో అతనికిచ్చే జీతం ఇరవై అనుకో. సైనిక ఖర్చులో ఆ ఇరవై కలుస్తుంది. మిగతా ఎనభై ఎక్కడా కలవదు. అది అతనే కడుతున్న పన్ను, కానీ రసీదు ఉండదు. షాపులో బాగుపడని కంప్యూటర్లు జి.డి.పి.లోంచి పోతాయి, అంటే కింది అంకె కాస్త తగ్గుతుంది. మీకు బర్మీస్ చెప్పినందుకు నేనిచ్చే ఫీజు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి అది పోయినట్టు కూడా ఎవరికీ తెలీదు. అందుకే నిర్బంధ సైన్యం ఉన్న దేశాల శాతం చూసినప్పుడు, జీతం ఇచ్చి పిలుచుకునే దేశాలతో తిన్నగా పోల్చకూడదు. రెండోవాళ్ళ బార్లో మనిషి పూర్తి ఖరీదు ఉంటుంది. మొదటివాళ్ళ బార్లో కొంచెమే ఉంటుంది.

"తాతగారి సంగతి?" అన్నాడు వెనక సీట్లోంచి మావాడు. "ఆయన రోజంతా కూర్చుని ఎదురు చూస్తే?"

ట్రాఫిక్ లైటు దగ్గర కరెంటు లేదు. ఒక పోలీసాయన చేతులతో బళ్ళు ఆపుతున్నాడు. నేను ఆ బళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను.

ప్రాజెక్టు ఇచ్చేశాం. మా అమ్మాయి ఆ చుక్కల గీతని ఇంకొంచెం పైకి జరిపింది, ఎంతో రాయలేదు. "నేనేం తెలుసుకున్నాను" పేజీలో పై అంకె, కింది అంకె, హెలికాప్టరు, సుత్తి అన్నీ రాసింది. అన్నయ్య గురించి రాయలేదు. నేనే వద్దన్నాను. చుక్కల గీతకి విలువ, యూనిట్ రాయలేదని అర మార్కు తగ్గించారు. పదికి తొమ్మిదిన్నర. ఆ అర మార్కు కోసం మేడమ్‌తో మాట్లాడతానంటే, "వద్దమ్మా, నిజంగానే రాయలేదు కదా" అంది.

అన్నయ్య ఎక్కడున్నాడో, వెళ్ళాడో లేదో ఇక్కడ రాయను. మీరూ ఎవరినీ అడగొద్దు.

తరవాతి మంగళవారం ఐదున్నరకి తలుపు చప్పుడైంది. పిల్లలిద్దరూ పరిగెత్తారు. తాతగారు! రెండు బస్సులు మారి వచ్చారు. చేతిలో మనవడి నోటు పుస్తకం, ఎక్కడిదాకా చెప్పాడో అందులో రాసుందట. ఫీజు నెల మధ్యలో ఆగిపోయిందని, మిగతా పాఠాలు బాకీ ఉన్నాయని ఆయన వాదన. నేనెంత చెప్పినా వినలేదు. టీ ఇచ్చాను. మనవడిలా కంప్యూటర్ మీద చెప్పడం ఆయనకి రాదు. పలక తెప్పించుకున్నారు. బర్మీస్ అక్షరాలు మన తెలుగు అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి కదా, మావాడు రాసినవి కోడిగుడ్లలా ఉన్నాయని అన్నీ చెరిపించి, మళ్ళీ మొదటి అక్షరం 'క' నుంచి దిద్దిస్తున్నారు.